తట్టి చూసి

రేణిగుంటలో తెల్లవారుజాము నాలుగున్నర.
దీపం చుట్టూ ఉసిళ్ళు.
రాత్రి బస చేసిన బండి
చక్రాలకు చెక్కదిమ్మెలు పెట్టుకుని నిలబడుంది,
డెబ్బై మంది పట్టే చిన్న బండి,
రెక్కలు నెత్తిన, పంకాలు చెరోపక్క.

పెద్ద విమానాల వాళ్ళు దీన్ని
షేర్ ఆటో అంటారు.
అననీ.
ఆటోని పొద్దున్నే ఇట్లా ఎవడు తడుముతాడప్పా,
బర్రె పొదుగు తడిమినట్టు?

నా జేబులో ఒక పాత రూపాయి బిళ్ళ.
కొనడానికి కాదు, వినడానికి.
పంకా బ్లేడును మొదలు నుంచి కొసదాకా
వేలెడేసి ఎడంగా తడుతూ పోతాను.
టింగ్. టింగ్. టింగ్.
లోపలి పొరలు అంటుకుని ఉన్నంతసేపూ
బిళ్ళ మాట్లాడుతుంది.
ఎక్కడ విడితే అక్కడ నోరు మూస్తుంది.

కంపెనీ బడిలో నేర్పారు దీన్ని.
అంతకుముందే తెలుసు నాకు.
మా నాయన చెంగల్రాయులు
ఇక్కడికి కూతవేటు జంక్షన్‌లో
రైలుచక్రాలు తట్టేవాడు.
పొడుగుకర్ర సుత్తి, చేతిలో లాంతరు,
బండి ఆగిన ఏడు నిమిషాల్లో
ఇటు కొస నుంచి అటు కొసకి.
"ఇనుము అబద్ధం చెప్పదు రా.
తొందరున్నోడు తనకు తానే చెప్పుకుంటాడు."

ఇవాళ కుడి పంకా, నాలుగో బ్లేడు,
కొసకు జానెడు ఇవతల
టింగ్. టింగ్. టప్.

మళ్ళీ తట్టాను. టప్.
ఖాదర్‌వలీని పిలిచి, బిళ్ళ చేతికిచ్చి,
ఎక్కడో చెప్పకుండా
అటు తిరిగి నిలబడ్డాను.
వాడి బిళ్ళ కూడా అక్కడే ఆగింది.
ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆరూ పదికి పోవాల్సిన బండి.
గాజుతలుపు అవతల అరవై రెండు మంది,
లడ్డూ సంచులు, నిద్రకళ్ళు,
ఒకాయనకు పదింటికి కోర్టు వాయిదా.
"కొండెక్కి స్వామిని చూసొచ్చినోళ్ళం,
మాకేం కాదు, పోనీయండి" అన్నాడాయన.
స్వామి మీద నాకూ నమ్మకమే సార్,
ఈ బ్లేడు మీదే లేదు.

గుండుకు చందనం ఇంకా ఆరని ముసలామె
నా చొక్కా నూనెమరక చూసి అడిగింది:
"ఇంత చిన్నది, గాలికి ఎగిరిపోదా నాయినా?"
ఎగిరిపోవడానికేనమ్మా అన్నాను.
నవ్వింది. నవ్వి, మళ్ళీ,
"నువ్వెక్కుతావా?"

చిన్నది గనక ప్రతి మూలకూ చెయ్యి అందుతుంది అన్నాను.
అది సగమే.
మిగతా సగం ఆమెకు చెప్పలేదు:
పెద్దది సముద్రం దాటి ఒక్కసారి దిగుతుంది,
ఇది రోజుకు ఆరుసార్లు లేచి ఆరుసార్లు నేలకు తగులుతుంది.
ప్రతి లేవడమూ ఎక్కడో ఒక గీత గీస్తుంది.
ఆ గీతలు లెక్కపెట్టే పని నాది.
ఎక్కాను, రెండుసార్లు.
కిటికీ పక్క సీటిస్తే కళ్ళు మూసుకుని
మోత వింటూ కూచున్నాను, మబ్బులు చూడకుండా.

కొత్త బ్లేడు మద్రాసు నుంచి వ్యానులో రావాలి.
పుత్తూరు దగ్గర మామిడి లారీల వెనక
ఇరుక్కుందని డ్రైవర్ దొరసామి ఫోను.
కోర్టు పనాయన తిట్టి తిట్టి అలిసి
ఖాదర్‌వలీ ఇచ్చిన టీ తాగాడు.
సగం మంది విసుక్కుని రైలెక్కారు,
నాయనలాంటి వాడెవడో తట్టి చూసిన రైలు.

బోర్డు మీద 'సాంకేతిక కారణం' అని రెండు మాటలు.
టప్‌ని అట్లా రాస్తారు.

రెండూ నలభైకి బ్లేడొచ్చింది.
బిగించాం, తిప్పాం, తూకం చూశాం,
మళ్ళీ బిళ్ళ తీశాను,
కొత్తదైనా సరే.
పుస్తకంలో సంతకం పెట్టాను.
మునిశేఖర్ అన్నదాంట్లో 'ము' తప్ప
ఏదీ సరిగ్గా చదవరాదు.
ఏమైనా అయితే మొదట చదివేది దాన్నే.

సాయంత్రం నాలుగున్నరకు
బండి ఎండలోకి లేచింది.
శేషాచలం అంచు దాటి మోత ఆగేదాకా
మెట్లబండి పక్కన నిలబడ్డాను.
ముసలామె ఏ కిటికీలో ఉందో తెలీదు.
ఏడింటికల్లా హైదరాబాదు నుంచి ఫోను రాలేదు.
రాకపోవడమే జీతం మాకు.

పాత బ్లేడు షెడ్డులో
గోనెపట్టా మీద పడుంది.
తాళం వేస్తూ
ఊరికే ఇంకోసారి తట్టాను.
టప్.
సరే, అనుకున్నా.