ఆగినవి

బోర్డు మీద ‘వాహనచోదకుల విశ్రాంతి వనం’ అని రాశారు.
మా ఊళ్లో ఎవరికీ నోరు తిరగలేదు.
బల్లలకాడ, అన్నారు. అంతే.

రణస్థలం దాటాక, జీడితోటలు మొదలయ్యే చోట,
రోడ్డు నంబరు ఇంకా అయిదే అయిన రోజుల్లో
మూడు సిమెంటు బల్లలు, ఆరు అరుగులు,
తారు డ్రమ్ము కోసి చేసిన చెత్తబుట్ట,
కొడితే ముందు దగ్గి, తర్వాత నీళ్లిచ్చే బోరింగు.
ఎవరో ఇంజినీరు గారు ఎక్కడో చూసొచ్చి గీశాడట.
నీడ మాత్రం ఆయన గీసింది కాదు.
అవి అంతకుముందే ఉన్న చింతచెట్లు,
మొలకు సున్నం పట్టీ, ఒంటి మీద నంబరు.

మా అయ్య కూర్మయ్య గ్యాంగు కూలీ.
గుంతలు పూడ్చగా మిగిలిన పొద్దులో
బల్లలు కడిగేవాడు.

ఏడాదికోసారి బళ్ల లెక్క వచ్చేది.
ఏడు పగళ్లు, ఏడు రాత్రులు, ఒక గుడారం, లాంతరు,
అచ్చుకాయితం మీద గళ్లు:
లారీ, బస్సు, కారు, ఎడ్లబండి, సైకిలు.
అయ్యకు అక్షరం రాదు, గీత వచ్చు.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
ఆయనకు కునుకు పడితే నేను గీసేదాన్ని.
నాకప్పుడు తొమ్మిదేళ్లు.
“అయ్యా, ఆగిన బళ్లకి గడి నేదేటి?”
“ఆగిందాన్ని ఎవులు లెక్కెడతారే ఎర్రిమొకమా,
రోడ్డేసినాది ఎల్డానికి.”

అందుకని ఎక్కాల పుస్తకం చివర
నేనే ఒక గడి కట్టాను.

మొదటి గీత తెల్ల అంబాసిడరు.
అరసవిల్లి పోతూ ఆరుగురు దిగారు.
నాకు దోసిట్లో పులిహోర పెట్టి పేరడిగారు,
నేను నమిలి మింగేలోగా కారెక్కేశారు.
తర్వాత పంజాబు లారీ.
డ్రైవరు తలపాగా విప్పి బోరింగు కింద కూచుంటే
మగాడికి అంత జుట్టేటని
మా యమ్మ జీడిపిక్కలు ఏరడం మానేసి నిలబడిపోయింది.
కలకత్తా నుంచి రామేశ్వరం పోయే యాత్ర బస్సు:
వాళ్ల ఆవనూనె వాసన రెండ్రోజులు చింతాకును వదల్లేదు.

పాలకొండ వైపు నుంచొచ్చిన జీపులో ఒకామె.
ఏమీ తినలేదు. బల్ల మీద తలపెట్టి పడుకుంది.
లేచాక అయ్య చేతిలో అర్ధరూపాయి పెట్టి
ఎవరైనా అడిగితే నన్ను చూళ్లేదని చెప్పు, అంది.
ఎవరూ అడగలేదు.
ఆ ఒక్కదానికీ గీత గియ్యలేదు నేను. చుక్క పెట్టాను.

రెండో బల్ల అప్పలనరసమ్మత్త ముంజెల దుకాణమైంది.
శాఖ వాళ్లు లేపారు, కూచుంది.
మళ్లీ లేపారు, మళ్లీ కూచుంది.
ఆమె కోసమే బస్సులు ఆగడం మొదలెట్టాయంటారు.
కండక్టరు ‘బల్లలకాడ’ అని కేకేసి టిక్కెట్టు చింపేవాడు.

నాలుగు వరసల రోడ్డు వచ్చింది.
చెట్లను నంబరు వారీగా వేలం వేశారు.
బల్లలకు నంబర్లు లేవు,
పొక్లెయిను ఒక పూటలో పని ముగించింది.
రిటైరైన అయ్య కర్ర పట్టుకుని వెళ్లి చూశాడు.
ఇంటికొచ్చి చాలాసేపటికి అన్నాడు:
“అదేటి, కడక్కుండానే కొట్టీసినారు.”

ఇప్పుడు టోలుగేటు దగ్గర
అద్దం మీద అంటించిన కాయితాన్ని చూసి
యంత్రమే లెక్క రాసుకుంటుంది.
ఆగక్కర్లేదు.
పక్కన చల్లగదిలో తిండి ఉంది, ధర రాసి ఉంది,
ముంజెలు లేవు.

మొన్న ఆటో ఎక్కి, బల్లలకాడ దించమన్నాను.
ఇరవయ్యేళ్లు కూడా ఉండవు కుర్రాడికి.
ఏ బల్లలు, అని అడగలేదు.
సరిగ్గా అక్కడే ఆపాడు.