చెయ్యి వదిలే చోటు

వాన వెలిసిన శనివారం పొద్దున
లీస్‌బెత్ వాళ్ల మేనమామ సైకిలు నడిపించుకొచ్చి
నా షాపు గోడకి ఆనించింది.
ఔదనార్దేలో, షెల్ట్ నది వంతెనకి ఇవతల,
సైకిలు లేనివాళ్లు కూడా కబుర్లకి ఆగే షాపు.

"ఈ గేరు లివర్లు చూడు, ఎక్కడో కింద,
ఏటవాలు గొట్టం మీద, మోకాలి పక్కన!
మార్చాలంటే హ్యాండిల్ మీంచి చెయ్యి తియ్యాలి.
పైకి తెచ్చెయ్, గోడెలీవ్.
హ్యాండిల్ మెడ మీద పెట్టెయ్, కళ్లెదురుగా ఉంటాయి."

నేను గొలుసు తుడుస్తూ ఉండిపోయాను.

కళ్లెదురుగానే ఉండేవి నావి కూడా.
పదిహేడేళ్లప్పుడు కొనుక్కున్న నారింజ రంగు సైకిలు.
చేతికి ఎంత దగ్గరో చూడమ్మా, అన్నాడు అమ్మినవాడు.
చేతికి అందేది పొట్టకీ అందుతుందని చెప్పలేదు.
ట్రాక్టరు రాల్చిన బురదలో ముందు చక్రం జారింది.
సైకిలు ఆగిపోయింది, నేను ఆగలేదు,
మధ్యలో రెండు ఇనప చెవులు.
చొక్కా మూడో బొత్తాం కింద
ఇప్పటికీ ఉంది, జంట కామాల్లా, ఆ మచ్చ.

మా తమ్ముడు రోంబౌట్‌ది ఇంకో కథ.
వాడి సైకిలుకి అడ్డగొట్టం మీదే గేరు కర్ర,
అచ్చం కారులో లాగా, కొసన నల్ల గుండు.
ఒక్కసారి లాగి చూడ్డానికి వీధి పిల్లలంతా వరస కట్టారు.
ఫుట్‌పాత్ అంచుకి గుద్దుకుని సీటు మీంచి ముందుకి జారాడు.
ఎక్కడ తగిలిందో అమ్మకి చెప్పలేదు.
మూడు రోజులు బాతులా నడిచాడు.
కర్ర మాత్రం చెక్కుచెదరలేదు.

అలాగని కిందివి మంచివని అనను.
నాకు పని నేర్పిన ఓడిలోన్
రాళ్లు పరిచిన దిగుడులో వంగి చెయ్యి చాపాడు,
సరిగ్గా అప్పుడే కుక్క.
మణికట్టు రెండు ముక్కలు. కుక్కకేం కాలేదు.
ఆస్పత్రి మంచం మీద ఆయన అన్నది ఒకటే:
"కొండ కనబడ్డాక కాదు,
కనబడకముందే మార్చుకోవాలి."

లీస్‌బెత్‌కి బొత్తాం కథ ఒక్కటే చెప్పాను.
బ్రేకు పిడిలోనే గేరు దాగిన కొత్తరకానికి
ధర కూడా చెప్పాను. ఈల వేసింది.
తర్వాత వంగి, లివరు పక్కన
రంగంతా అరిగి ఉక్కు తేలిన చోట వేలు పెట్టింది.
"ఇదేంటి, తుప్పా?"
"మీ మామయ్య బొటనవేలు. ముప్పై ఏళ్లది."

కాసేపు ఏమీ అనలేదు.
"కేబుళ్లు మాత్రం మార్చు" అంది.

సాయంత్రం వంతెన ఎక్కుతూ కనబడింది.
వెనక లారీ. హ్యాండిల్ మీద ఎడమ చెయ్యి ఒక్కటే,
కుడి చెయ్యి కిందికి, వెతుక్కుంటూ.
ముందు చక్రం ఒకసారి వణికింది.
టక్‌మన్న చప్పుడు ఇంత దూరం వినబడదు.
విన్నట్టే ఉంది.
చూసుకుంటే నా చెయ్యి
మూడో బొత్తాం మీద ఉంది.