కాగితాలు అడిగిన గుమాస్తాకు

కూర్చో బాబూ. ఆ బండ మీద కాదు,
అది తడి, నీ బూట్లు చెడతాయి.
ఈ ఉప్పుమడులు ఎవరివని అడిగావు.
పత్రం ఉందా, ముద్ర ఉందా అని
పలకలాంటి ఆ యంత్రాన్ని తుడుస్తూ అడిగావు.
దానికి ఉప్పుగాలి పడదు. తర్వాత చెప్పలేదనకు.

మూడు వందల నలభై మడులు.
మా తాత విస్టిన్ లెక్కలో మూడు వందల నలభై ఒకటి.
ఆ ఒక్కటీ యుద్ధంలో బాంబు పడి
సముద్రంలో కలిసింది.
ఆయన చచ్చేదాకా దాన్ని లెక్కలోంచి తీసెయ్యలేదు.

మొదట ఎవరు తొలిచారో ఎవరికి తెలుసు?
ఊదారంగు బట్టలమ్మిన ఓడలవాళ్ళని బడిలో పంతులు,
రోమువాళ్ళని చర్చిలో ఫాదరు.
రాయి మాత్రం నోరు విప్పలేదు.
ఉలి ఏ భాషలో తగిలినా
గుంట ఒకేలా పడుతుంది.

తర్వాత అరబ్బులు.
వెళ్ళిపోయారంటారు కానీ, ఎక్కడికెళ్ళారు?
ఇదిగో, దీన్ని మేం మెల్హ్ అంటాం,
అదిగో, దాన్ని బహర్ అంటాం.
మోకాళ్ళ మీద వాలి "అల్లా" అని వేడుకుంటాం,
మెడలో సిలువ ఊగుతూనే ఉంటుంది.
కొత్తవాళ్ళు వింటే ఉలిక్కిపడతారు.

ఆ పైన సిసిలీ వైపు దొరలు.
రాజెక్కడో ఉండేవాడు, పన్ను ఇక్కడుండేది.
ఒక రాజుకి డబ్బు చాలక
ద్వీపాన్నే కుదువబెట్టాడు, గొడ్డుని పెట్టినట్టు.
విడిపించడానికి మావాళ్ళే చందాలేసుకున్నారు.
తన మెడలో పలుపు తానే కొనుక్కున్నవాణ్ణి
నువ్వెక్కడన్నా చూశావా?

ఇక ఆ జూలై సంగతి.
మా నాయనమ్మ చెన్సా దాన్ని పగటిపూట చెప్పేది కాదు.
తురక ఓడలొచ్చాయి. కోట లొంగింది.
ఐదువేలమందిని తాళ్ళకి కట్టి ఎక్కించుకుపోయారు.
నలభైమంది ముసలివాళ్ళని వదిలేశారు,
సంతలో ధర పలకరని.
ఆ ఏడు ఎండ మామూలుగానే కాసింది.
మడుల్లో ఉప్పు పండింది.
ఎత్తేవాళ్ళు లేక
తొలి వానకి కరిగి
వచ్చిన దారినే పోయింది.

ఇక్కడ నీకో నిజం చెప్పాలి. కావాలంటే రాసుకో.
మేం ఆ పోయినవాళ్ళ బిడ్డలం కాదు.
ఆరిన పొయ్యిలు మళ్ళీ వెలిగించడానికి
అవతలి ద్వీపం నుంచి పడవలో వచ్చినవాళ్ళం.
మా మూలపురుషుడు ఎవరిదో గడప దాటి
మూలనున్న పార అందుకున్నాడు.
దాని పిడి ఇంకొకడి చేతికి అరిగి ఉంది.
మూడు తరాలు పట్టిందట
అది మా అరచేతికి అలవాటవడానికి.

మిగతావి నీకు తెలిసినవే.
ఎనిమిది మొనల సిలువవాళ్ళు
గింజ గింజకీ చిట్టా రాశారు.
ఫ్రెంచివాళ్ళు స్వేచ్ఛ అని అరిచి
చర్చి వెండిపళ్ళాలు కరగబోశారు,
ఐదు నెలలు నిండకుండా సాగనంపాం.
ఇంగ్లీషువాళ్ళు పాలుపోసిన టీ నేర్పారు.
జెండా దింపేశాం గానీ
అది మాత్రం మానలేకపోయాం.

అందరూ మా ఉప్పు తిన్నవాళ్ళే.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటారు.
తాగారు, మా బావుల్లోవే.
విశ్వాసం ఊసు ఎత్తకు.

ఉన్నాయి, కాగితాలున్నాయి. రేకుపెట్టెలో.
ఒకటి లాటిన్‌లో, రెండు ఇటాలియన్‌లో,
ఒకదాని మీద సింహమూ కిరీటమూ.
ప్రతి కాగితమూ
తన కిందున్న కాగితం చెల్లదంటుంది.
రేపు నీ యంత్రం ఒకటి కక్కితే
అదీ పైన పెడతాను. పెట్టెలో చోటుంది.

మడులెన్నని ఉందా అందులో?
మూడు వందల నలభై ఒకటని రాయి.
లేదు, కొట్టెయ్యకు. అలాగే ఉంచు.

గాలి తిరిగింది, చూశావా? పడమటి మబ్బు.
గంటలో వాన.
మాటలు తర్వాత. ఆ పలక కింద పెట్టు,
ఈ సంచి మూతి పట్టుకో.
అలా కాదు, రెండు చేతులతో.