పదిహేడో పగులు

చింబొరాజో కొండ పొద్దున్నే ముసుగు తీసిన రోజు
మారిత్సా చికైసా దిగింది,
వీపుసంచిలో రెండు డబ్బాలతో.

నేను కాలువ లస్కరుని.
పగుళ్ళకి సుద్దముక్కతో నంబర్లు వేసి ఉంచాను,
ఇరవై మూడు.

"ఎండ తగలనీకు, ఇందులో ప్రాణముంది" అంది.
మూత తీస్తే బూడిద.
నిద్రపోతున్న బాక్టీరియానట.
ఒక్కోదాని చుట్టూ గాజులాంటి పొర,
తలవెంట్రుకని వెయ్యి చీలికలు చేస్తే
అందులో ఒక చీలికంత మందం.
గోడ విచ్చి తడి తగిలితే లేస్తాయట,
పక్కన కట్టిపెట్టిన సద్ది తిని
సున్నం వదులుతాయట.
సున్నం పేరుకుని పేరుకుని రాయి.

నవ్వొచ్చింది.
మా నాన్న ముప్పై ఏళ్ళు ఈ గోడకి
సిమెంటూ బంకమన్నూ తిట్లూ కలిపి మెత్తాడు.
మంచు పడ్డప్పుడల్లా మళ్ళీ నోరు తెరిచేది.

సరే, ఆ పొడి కలిపిన గార కూరాం.
తొలి మంచుకే వెంట్రుకవాసి విచ్చింది.
గెలిచాననుకున్నాను.
ఆరో వారం చూద్దును కదా, పగులు మీద తెల్లగీత!
గోరుతో గీకితే రాలేదు.
నాలుక ఆనించాను. గుడ్డుపెంకు రుచి.

చివరి మళ్ళకి నీళ్ళు గంట ముందే చేరాయి.
నాకెవరో చిచా పోశారు, రెండు గిన్నెలు.

మర్నాడు ఫెలిసా తిపాన్ కాలువగట్టెక్కి వచ్చింది,
చేతిలో వాడిన పుదీనా.
"నా ఊట ఏది?"

పదిహేడో పగులు కిందే ఆమె వాలునేల.
పట్టా లేదు, వంతుల పుస్తకంలో పేరు లేదు.
నాలుగు సాళ్ళ చిక్కుడు,
గినీ పందులకి ఇంత గడ్డి.
పదకొండేళ్ళుగా నేను ప్రతి నెలా
"నష్టం, నిమిషానికి అర గ్లాసు"
అని రాసుకుంటూ వచ్చింది
ఆమె చిక్కుడుకాయల్నన్నమాట.

మారిత్సాకి ఫోన్ చేశాను.
"వాటికి పగులే తెలుసు,
కిందెవరున్నారో తెలీదు" అంది.
చాలాసేపు గాలి చప్పుడు.
తర్వాత, "ఎంత లావు గొట్టం కావాలి?"

వేలెడు గొట్టం.
గోడకి నేనే బెజ్జం వేశాను, సుద్ద నంబరు పక్కనే,
దొంగలా, చీకటితో లేచి.

ఆమె పేరు పుస్తకంలోకెక్కాలంటే సభ కూర్చోవాలి.
రెండుసార్లు వాయిదా పడింది.
ఈలోగా గొట్టం చుట్టూ
సన్నగా తెల్లటి వలయం మొదలైంది.
కదిపి చూశాను.
ఊడి రావడం లేదు.