పది నిమిషాలు

నారింజ రంగు ప్లగ్గు లాగి జేబులో వేసుకున్నాను.
ఇంక పది నిమిషాలు ఈ బండిని ఎవరూ ముట్టకూడదు.
ప్లగ్గు తీసినంత మాత్రాన కరెంటు పోదమ్మా,
లోపల డబ్బాల్లో ఇంకా కొంచెం దాక్కోనుంటాది.
దానంతట అది చల్లారాల.
ఆ స్టూలు మీద కూచోండి.

షువైఖ్‌లో ఆగస్టు మధ్యాహ్నం.
రేకుల కింద ఫ్యాను
ఇక్కడి వేడిని తీసి అక్కడ పెడతాంది, అంతే.

ఎస్తేరు రాణి కూచోలేదు.
ఫర్వానియా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి
రికవరీ బండి వెనకాల్నే వచ్చింది.
తెల్ల బూట్ల మీద రోడ్డు దుమ్ము.

"ఆరో రింగు రోడ్డు మీద నూట పదిలో పోతాంటే
ముందు పాట ఆగిపోయిందన్నా, తర్వాత ఏసీ.
ముందరున్న గుర్తులన్నీ ఒక్కసారి ఎర్రగా వెలిగి
ఒక్కసారే ఆరిపోయినాయి.
బ్రేకు తొక్కితే బండరాయిని తొక్కినట్టుంది.
వెనక ట్యాంకరు హారను.
పక్కకు ఎట్ల తెచ్చినానో నాకే తెలీదు.
ఆగినాక డోర్లు తెరుచుకోలా.
నాతో ఉన్న ఫిలిప్పీనా పిల్ల
మోచేత్తో అద్దం కొడతానే ఉంది."

మూడుసార్లు షోరూముకు తీసకపోయిందంట.
మూడుసార్లూ తప్పేమీ దొరకలేదని రాసిచ్చి
బండి మాత్రం శుభ్రంగా కడిగిచ్చినారంట.
"నొప్పి అని ఏడ్చేవాణ్ణి
రిపోర్టు బాగుందని ఇంటికి పంపితే
మమ్మల్ని ఊరుకుంటారా అన్నా?"

నాలుగు నిమిషాలు.

వెనక సీటు పక్కన చిన్న జాలీ ఉంటాది, ఎవరూ చూడరు.
పెద్ద బ్యాటరీ ఊపిరి పీల్చేది అక్కణ్ణుంచే.
పొద్దున ఊడదీసినాను.
ఒక జడ క్లిప్పు, పిల్లి వెంట్రుకలు,
మూడు ఎండాకాలాల దుమ్ము
కంబళి మాదిరి మందంగా.
చిన్న బ్యాటరీ అయితే బానెట్టు కింద మూలన
తెల్లగా బూజు పట్టి చచ్చిపోయుంది.

ఇదమ్మా సంగతి.
వెనక రెండొందల వోల్టులు నిండుగా కూచోనుంటాయి,
తలుపు తీయాల్సింది మాత్రం ఈ మూలనున్న పన్నెండు.
అది పోతే
పెద్దదాన్ని అడిగేవాడే ఉండడు.

"మా వార్డు కూడా అంతే" అని నవ్వి
అప్పుడు కూచుంది.

పోయిన నెలలో ఒక మిస్రీ లెక్కల అయ్యవారు.
సద్దు లేదు గదా, ఆగిపోయిందనుకొని
బేస్‌మెంటులో దిగి వెళ్ళిపోయినాడు.
నడిరాత్రి ఇంజను దానంతట అదే లేచింది.
మంచం అక్కడే వేసుకొనే వాచ్‌మన్
తల పగిలిపోతాందని పైకి పరిగెత్తకపోయింటే
లెక్క వేరేగా ఉండేది.
నిద్రపోయిందో మేలుకోనుందో తెలీని బండి
నాకూ భయమే.

లక్కిరెడ్డిపల్లెలో బోరు మోటార్లు చుట్టేటప్పుడు
మస్తాన్ సాయిబు చెప్పేవాడు:
కరెంటును వెనక చేత్తో తాకరా,
అరచేత్తో తాకితే అది నిన్ను పట్టుకుంటాది.
రెండు వేళ్ళు లేని చేత్తో చూపించి మరీ చెప్పేవాడు.
ఈ బండ్లు వచ్చినాక ఆ పాఠం పనికిరాలేదు.
వీటికి ముందు చెయ్యి, వెనక చెయ్యి ఒకటే.

తొమ్మిది.

మీటరు పెట్టే ముందు
రబ్బరు గ్లవుజు నోట్లో గాలి ఊది,
మూతి మెలిపెట్టి చెవి దగ్గర పెట్టుకుంటాను.
సూదిమొన అంత చిల్లున్నా పలుకుతాది.
కుడిది మౌనంగా ఉంది.

ఎడమది ఆమె అందుకుంది.
రోజుకు నలభై జతలు వేసి తీసే మనిషి,
ఊది, మెలిపెట్టి, కండ్లు మూసుకొని విన్నది.
మళ్ళా విన్నది.

"అన్నా, ఇది పోతాంది."

గ్లవుజు తీసి ఆమె నా చెంపకు ఆనించింది.
బొటనవేలి మొదట్లో
చల్లగా, సన్నగా, గాలి.

రెండు నెలలుగా అదే జత.
ప్లగ్గు లాగింది ఆ చేత్తోనే.

"ఇంకో జత ఉందా?" అని అడిగింది,
వార్డులో అడిగినట్టే.

పది నిమిషాలు ఎప్పుడో అయిపోయినాయి.
నేను మాత్రం ఆ ప్లగ్గును జేబులో
గట్టిగా పట్టుకొని నిలబడే ఉన్నాను.