గుర్తు తెలియనిది

కృష్ణలోకి కళ్ళు మూసుకునే దిగుతాను,
తెరిచినా అదే చీకటి.
పద్మావతి ఘాటు మెట్ల కింద
రూపాయి బిళ్ళో సీసా మూతో
వేళ్ళే చెబుతాయి.
విగ్రహం ముక్కు, గాజు పెంకు, ఎవరిదో కాలిపట్టా,
ముప్పై ఏళ్ళుగా ఏదీ నన్ను బోల్తా కొట్టించలేదు.

అలాంటివాణ్ణి
జువాలజీ ఫిలోమినా మేడం
కాలేజీ పిల్లలకు తోడుంటావని అండమాన్ తీసుకుపోయింది.
మెడకో ప్లాస్టిక్ పలక కట్టింది.
"తెలియనిది కనబడితే పేరు వెతక్కు సైదులూ,
చారలు లెక్కపెట్టు,
తోక ఎక్కడ ఆగిందో చూడు."

దిగాను.
నీళ్ళలో అంత వెలుగుంటుందని నాకెవరూ చెప్పలేదు.
వేళ్ళకి పని లేదు, ముట్టుకోకూడదట.
కళ్ళకేమో అలవాటు లేదు.
రాయి అనుకున్నది ఊపిరి పీల్చింది,
ఆకు అనుకున్నది నన్ను చూసి పక్కకి జరిగింది.

ఆ తర్వాత, అది.
పగడాల సందులో, జానెడు.
చేప అందామంటే నడుస్తోంది,
పురుగు అందామంటే ఒంటికి చీర అంచు,
మంగళగిరి నేత కాదు, ఇంకెక్కడిదో.
నాలుగు చారలు లెక్కపెట్టానో లేదో
ఐదోది మడతలోకి పోయింది.
గాలి అయిపోవచ్చింది.

పైకొచ్చి చూస్తే పలక మీద వంకాయ.
తొడిమతో సహా.
పిల్లలు నవ్వారు. మేడం నవ్వలేదు.
మూడు రాత్రులు లావుపాటి పుస్తకం తిరగేసింది.
"పిల్లదా, ముదురుదా?
లోతులో ఎరుపు నల్లగా కనిపిస్తుంది,
నువ్వు చూసిన నలుపు నలుపేనా?"
ఏం చెప్పను?
చివరికి నోటుబుక్కులో
'గుర్తు తెలియలేదు' అని రాసింది.

ఆ మాట నాకు కొత్తా!
నేను జుట్టు పట్టి ఒడ్డుకి లాక్కొచ్చినవాళ్ళకి
స్టేషన్ రైటర్ రాసే మాట.
వయసు సుమారు నలభై. ఎడమ మోచేతి కింద పుట్టుమచ్చ.
కాలర్‌లో టైలర్ పేరుంటే
గుంటూరో తెనాలో తేలుతుంది.
లేకపోతే మూడు రోజులు చూసి, మున్సిపాలిటీ బండి.

అతను పెన్నుతో రాస్తాడు.
మేడం పెన్సిల్‌తో రాసింది.
ఎందుకంటే,
"రేపెవరైనా చూసి చెబితే చెరపాలి కదా" అంది.

నిన్న సీతానగరం వైపు ఒకణ్ణి తీశాం,
నాంచారయ్యా నేనూ.
రైటర్ వచ్చేలోపు పక్కన కూర్చున్నాను.
కొరుక్కున్న గోళ్ళు,
బొటనవేలి మీద పాత కాలుడు మచ్చ,
ఒక చెవి కాస్త చిన్నది.
బీడీకట్ట కాగితం వెనక బొమ్మ గీశాను.
మొహం కుదర్లేదు.
చొక్కా మీద చారలు మాత్రం
అన్నీ లెక్కపెట్టాను.