నూటపదిహేడు: రద్దు

భీమిలికి కాస్త ముందు, సరుగుడు తోట దాటాక
పటంలో పేరు లేని కొండ ఒకటి.
తొమ్మిదివందల కె బస్సు దిగి
జీడిమామిళ్ళ కింద బాట పట్టి పైకెక్కితే
అయిదు మీటర్లకు అయిదు మీటర్ల చదరం,
నాలుగు మూలలా మేకులు, మేకులకు నూలుతాడు.
మేం దాన్ని ట్రెంచి అంటాం.
అసిరయ్య గుంట అంటాడు.
ఈ వైపు పిల్లల్నీ ఆ మాటతోనే పిలుస్తారు.

నా పని రాత.
తవ్వను, మొయ్యను, జల్లెడ పట్టను.
గొడుగు కింద ముక్కాలిపీట మీద కూర్చుని
పొడుగు రిజిస్టర్లోకి చిన్నవాటిని ఎక్కిస్తాను:
పూస, మేకు, సీసపు నాణెం, పెంకు మీద గీసిన అక్షరం,
పిడికిట్లో దాగేవన్నీ.
ఉత్తరపు తాడుకి ఎంత, తూర్పు తాడుకి ఎంత,
మట్టం నుంచి ఎంత లోతు, ఏ పొర, ఏ రంగు మట్టి.
జల్లెడలో తేలినవాటికి ఇల్లు తెలీదు, వీధే తెలుసు,
బుట్ట ఏ మూల నుంచి వచ్చిందో అదే రాసుకోవాలి.
ఎవరి చేతికి దొరికింది అనే గడి లేదు.

జల్లెడ దగ్గర సన్యాసమ్మ.
చోడంబలి తాగి పొద్దున్నే కొండెక్కుతుంది.
"ఏటమ్మా రాతల పాపా, గోరంత పెంకుకి గంటసేపు రాతా?
మా తలరాతలూ ఇలాగ కొలిసి రాసుంటే బాగుండేది కాదేటి!"
ఆమె నవ్వితే జల్లెడ కూడా ఊగుతుంది.

మూడో పొర. బూడిద కలిసిన ఎర్రమట్టి.
మంగళవారం పదకొండు దాటింది,
కింద నుంచి గాలి ఎండుచేపల వాసన మోసుకొస్తోంది.
జల్లెడ మీద ఒక గాజుముక్క,
చిటికెనగోరంత వంపు, ముదురుపచ్చ,
అంచున రెండు పసుపు చుక్కలు.

ఈ కొండ మీద పచ్చగాజు ఇంతవరకూ పడలేదు.
నా చెయ్యి వణికిందని రాయడానికీ గడి లేదు.
పొడవు పదమూడు మిల్లీమీటర్లు. అంకె నూటపదిహేడు.
వంపు కొలిచి పూర్తి వలయం లెక్కగట్టాను,
సన్నని మణికట్టే.
సన్యాసులుండే చోట గాజుల చెయ్యి!
పాత్రలో అన్నం వడ్డించి వెళ్ళిన ఇల్లాలా,
ఓడ క్షేమంగా తిరిగి రావాలని
దీపం మొక్కుకున్న వర్తకుడి కూతురా,
రిమార్కుల గడి నిండిపోయి పక్క గడిలోకి పాకాను.

సన్యాసమ్మ వచ్చి తొంగి చూసింది.
ఏమీ అనకుండా
తన ఎడమ చెయ్యి నా అరచేతి పక్కన పెట్టింది.
అయిదు గాజులు. ముదురుపచ్చ. పసుపు చుక్కలు.
"ఓలమ్మ, ఇది నాదే. ఇందాక జల్లెడకి తగిలింది.
తగరపువలస సంతలో డజను నలభై."

అసిరయ్య గునపానికి ఆనుకుని గుంటలోంచి నవ్వాడు.
చక్రపాణి గారు నవ్వలేదు.
"చెరపకు, కాగితం చింపకు. ఒక్క గీత కొట్టు,
కింద ఏముందో చదవగలగాలి.
రద్దు అని రాసి, ఎందుకో రాసి, సంతకం పెట్టు.
ఆ అంకె ఇంక దేనికీ ఇవ్వకు."

గీత కొట్టాను. కూలీ సన్యాసమ్మ గాజు, పగి...
"పగిలింది అని రాయకమ్మా, సిట్లింది అని రాయి."
అలాగే రాశాను.

మధ్యాహ్నం నిజంగానే ఒక ఎర్ర పూస.
రెండు వైపుల నుంచీ తొలిచిన బెజ్జం
మధ్యలో కలుసుకోబోయి కొంచెం తడబడింది.
ఎవరి తడబాటో.
నూటపద్దెనిమిది. పత్తిలో చుట్టి పెట్టెలో పెట్టాం.

సాయంత్రం తార్పాలిన్ కప్పుతుంటే పేజీలు తిరగేశాను.
నూరు పైచిలుకు వస్తువులు,
కింద నావీ సారువీ సంతకాలు.
అవి కాక మనిషి పేరున్నది
ఆ కొట్టివేత కిందే.

ముక్కని మట్టికుప్ప మీద పడేయబోయాను.
సన్యాసమ్మ లాక్కుని కొంగున ముడేసుకుంది.
"ఇక్కడొద్దు. మేకలు కాసే గుంటల కాళ్ళకి గుచ్చుకుంటాది."

కొండ దిగి ఎక్కడ పారేసిందో,
ఎంత లోతున,
నేను కొలవలేదు.